పాత ప్లగిన్లు, కొత్త జిల్లాలు

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలయ్యాయి. కొత్త జిల్లాకు కలెక్టరేటు, బోర్డులు, వాహనాల నంబర్లు సమకూరినంత త్వరగా చరిత్ర సమకూరదు. దాన్ని ఉమ్మడి జిల్లా రికార్డుల్లోంచి, పాత పుస్తకాల్లోంచి, పత్రికల వార్తల్లోంచి ఏరుకోవలసిందే. సరిగ్గా ఆ ఏరుకునే పని మొదలుకావలసిన వేళ, 2017లో, ఈ మూడు జిల్లాలతో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే రెండు సంఘటనలు జరిగాయి. ఆ ఏడాది నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతిలో రాసిన యాడాన్లను, అంటే బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములన్నిటినీ, పక్కన పెట్టేసింది. అటూ ఇటూగా అదే కాలంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు మూతపడింది. మొదటిదాని వల్ల పాత తెలుగు వెబ్ పేజీలను చదివించే పద్మ అనే పనిముట్టు పోయింది. రెండోదాని వల్ల పాత తెలుగు పుస్తకాలు దొరికే పెద్ద చిరునామా పోయింది. వెబ్ ప్రమాణాలు ఇంతగా ఎదిగాక పాత ప్లగిన్ల ఊసు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు సంఘటనల్లోనే వెతుక్కోవచ్చు. రోజువారీ పనికి ఆ ప్లగిన్లు ఇక అక్కర్లేదు. కానీ వాటిని నమ్ముకుని దాచిన సరుకు మనది. దాన్ని బయటికి తీసే కిటుకు మరెక్కడా రాసిపెట్టి లేనంత కాలం, చరిత్ర రాసేవాడికి అవి అవసరమే.

వెబ్ పుట్టిన కొత్తలో బ్రౌజరుకు వచ్చిన విద్యలు తక్కువ. రాతను చూపేది, బొమ్మను చూపేది, లింకు నొక్కితే మరో పేజీకి తీసుకెళ్లేది. పాట వినిపించడం, బొమ్మను కదిలించడం, ఫారం మీద డిజిటల్ సంతకం తీసుకోవడం దానికి చేతకావు. 1996లో పూర్తి రూపంలో విడుదలైన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఆ లోటుకు ఒక దారి చూపింది. బయటి కంపెనీ రాసిన ప్రోగ్రామును బ్రౌజరుకు తగిలించి, పేజీలో కొంత జాగాను దానికి అప్పగించవచ్చు. అదే ప్లగిన్. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3లో యాక్టివ్‌ఎక్స్ పేరుతో ఇలాంటి ఏర్పాటే చేసుకుంది. ఫ్లాష్, రియల్‌ప్లేయర్, సిల్వర్‌లైట్ ఈ దారిన వచ్చినవే. తర్వాత ప్రమాణాలు ఆ పనులను ఒక్కొక్కటిగా తమలో కలుపుకున్నాయి. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5 అధికారిక ప్రమాణమయ్యేసరికి ఆడియో, వీడియో, గీతలు గీయడం బ్రౌజరు సొంత విద్యలయ్యాయి. 2015 సెప్టెంబరులో క్రోమ్ 45 నెట్‌స్కేప్ కాలం నాటి ప్లగిన్ల దారిని పూర్తిగా మూసేసింది. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌ను ఆపేసింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 వంతు వచ్చింది. ఈ వరసను ప్రమాణాల విజయంగా చెప్పుకోవడం మామూలే, అందులో నిజమూ ఉంది. అయితే ఆనాటి ప్రమాణంలో ఏది కొరవడిందో చెప్పే సాక్ష్యం కూడా ప్రతి ప్లగిన్‌లోనూ ఉంటుంది. ఇంగ్లిష్ పాఠకుడికి కొరవడింది పాటో వీడియోనో అయితే, తెలుగు పాఠకుడికి కొరవడింది ఏకంగా అక్షరమే.

కాగితం మీద చూస్తే ఆ లోటు ఉండకూడదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. కానీ ప్రమాణం రాసినంత మాత్రాన కంప్యూటరుకు అక్షరాలు రావు. అప్పటి నెట్ సెంటర్లలో ఎక్కువగా కనిపించిన విండోస్ 98కు తెలుగు తెలియదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, ఒత్తులు సరిగా కుదరాలంటే కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, సీడీ పెట్టి, ఇంకొన్ని ఫైళ్లు ఎక్కించుకోవలసి వచ్చేది. ఆ పదేళ్ల ఖాళీలో పత్రికలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈనాడు ఒక ఫాంటుతో, వార్త మరో ఫాంటుతో వెబ్‌లోకి వచ్చాయి. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన 256 గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చేవారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో ఒత్తు, మరో గడిలో గుడితో కలిసిన అక్షరం. ఏ ముక్క ఏ గడిలో ఉండాలన్నది ఫాంటు చేసినవారి ఇష్టం. వనపర్తి పేరే తీసుకుందాం. యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు: వ, న, ప, ర, పొల్లు, త, గుడి. అది పలికే వరస. ముక్కల ఫాంటులో నడిచేది కంటికి కనిపించే వరస. గుడి ‘ర’ మీద కూర్చుంటుంది కాబట్టి ముందు ‘రి’ ముక్క, ఆ తర్వాత కింద తవొత్తు. ముక్కలూ వేరు, వరసా వేరు, పత్రికకూ పత్రికకూ గళ్ల లెక్కా వేరు. ఒక పత్రికలోని వనపర్తి, ఇంకో పత్రికలోని వనపర్తి కంప్యూటరుకు రెండు వేరు వేరు పదాలు. సెర్చింజను కంటికి ఆ రెండింటిలో ఏదీ ఊరి పేరు కాదు.

ఆ ఫాంటు పాఠకుడి కంప్యూటరులో లేకపోతే తెర మీద కనిపించేవి అర్థంలేని రోమన్ అక్షరాలే. దీన్ని తప్పించడానికి 1997లో రెండు పోటీ ఏర్పాట్లు వచ్చాయి. నెట్‌స్కేప్ కమ్యూనికేటర్ 4 బిట్‌స్ట్రీమ్ కంపెనీ వారి ట్రూడాక్‌ను నమ్ముకుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 మైక్రోసాఫ్ట్ సొంత ఈఓటీని తెచ్చింది. పేజీతోపాటు ఫాంటు కూడా తనంతట తానే దిగాలన్నదే రెండింటి ఉద్దేశం. ఎక్స్‌ప్లోరర్‌లో ట్రూడాక్ ఫాంట్లు కనిపించడానికి బిట్‌స్ట్రీమ్ ఒక యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్ కూడా ఇచ్చింది. డైనమిక్ ఫాంట్లని మనవాళ్లు పిలుచుకున్నవి ఇవే. బ్రౌజర్ల పోరులో నెట్‌స్కేప్ ఓడింది. మొజిల్లా పునాది మీద లేచిన బ్రౌజర్లు ట్రూడాక్‌ను వదిలేశాయి, ఈఓటీని ఎత్తుకోలేదు. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చేనాటికి అందులో తెలుగు పత్రిక తెరిస్తే కథ మళ్లీ మొదటికే వచ్చింది. ఆ అడ్డును దాటించింది పద్మ. వెన్న నాగార్జున తయారుచేసిన ఈ ఫైర్‌ఫాక్స్ యాడాన్ పేజీ ఏ ఫాంటుదో పసిగట్టి, ముక్కలను పట్టికతో పోల్చి, వరస సరిచేసి, యూనికోడ్ తెలుగులో చూపేది. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక. తర్వాత అది ఇతర భారతీయ లిపులకూ విస్తరించింది. పద్మ యాడానే తప్ప ప్లగిన్ కాదు, రెండింటినీ ఒకే గాటన కట్టరాదని సాంకేతిక నిపుణులు అభ్యంతరం చెప్పవచ్చు. బ్రౌజరు లోపలి కట్టుబడి విషయంలో ఆ తేడా నిజమే. చరిత్రకు కావలసిన తేడా మాత్రం అది కాదు. ప్రమాణం చేయలేని పనిని బయటివాళ్లు వచ్చి చేయడం, బ్రౌజరు మారగానే ఆ పని ఆగిపోవడం, ఈ రెండు లక్షణాలూ ప్లగిన్‌కూ యాడాన్‌కూ సమానం.

మంచి ప్లగిన్ గతి ఎలా ఉండాలో కూడా పద్మే చూపించింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు బీజం వేసింది కూడా వెన్న నాగార్జునే. అంటే పాత ఫాంట్ల పేజీలను చదివించే పనికి, యూనికోడ్‌లో కొత్త తెలుగు పుట్టించే పనికి పూనుకున్నది ఒకే మనిషి. రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో, రోమన్ అక్షరాలతో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌గా మార్చే భాగం పద్మలో ఉండేది. దాన్ని ఆధారం చేసుకుని వీవెన్ 2006 ప్రాంతంలో లేఖినిని తయారుచేశారు. లేఖినికి యాడాన్ అక్కర్లేదు, ఏ బ్రౌజరులోనైనా తెరుచుకునే మామూలు వెబ్ పేజీ అది. తొలినాళ్ల తెలుగు బ్లాగరుల్లో ఎంతోమంది మొదటి వాక్యం టైపు చేసింది అక్కడే. 1998లో మొదలైన ఈమాట పత్రిక తన పాత సంచికలను కూడా యూనికోడ్‌లోకి మార్చుకుంది. 2011లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్షియంలో సభ్యత్వం తీసుకుంది. 2012 డిసెంబరులో ప్రమాణంగా స్థిరపడిన వోఫ్ ఫాంట్లతో, డైనమిక్ ఫాంట్లు చేయబోయిన పనిని ఏ బ్రౌజరైనా అందరికీ ఒకేలా చేసే రోజొచ్చింది. ఇంతవరకు చూస్తే ప్రమాణం పాత పనిముట్టులోని సారం తీసుకుని దాన్ని సాగనంపింది. కొత్తగా రాసే తెలుగుకు సంబంధించి ఈ కథ ఇక్కడితో సుఖాంతమే.

పాత రాతల సంగతి అలా లేదు. పత్రికలు యూనికోడ్‌కు మారినప్పుడు ఆ రోజు నుంచి వచ్చే వార్తలు మారాయి. వెనకటి పేజీలు వాళ్ల సైట్లలో దొరకడం అరుదు. ఆ వెనకటి ఏళ్లు తక్కువవి కావు. 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి ఏర్పడింది. ఆ దశాబ్దమంతా పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) వలసలు, కరువు, జూరాల ప్రాజెక్టు నీళ్లు, ఎత్తిపోతల పథకాలు రోజూ వార్తలే. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపురం, రాజోలి ప్రాంతాలను ముంచాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆనాటి తెలుగు పేజీలు కొన్ని మిగిలాయి. కానీ అవి మిగిలింది ముక్కల గళ్ల వరసలుగానే. ఈఓటీ ఫాంటును తయారుచేసేటప్పుడే ఫలానా వెబ్‌సైటులో మాత్రమే పనిచేయాలని తాళం వేసే ఏర్పాటుండేది. ఆర్కైవు చిరునామా వేరు కాబట్టి ఫాంటు ఫైలు దొరికినా తాళం తెరుచుకోదు, దాన్ని తెరవగల ఎక్స్‌ప్లోరరూ నేడు లేదు. మిగిలిన ఒకే దారి పద్మ లాంటి పట్టికలు. శ్రీశైలం జలాశయం నిండబోతున్నప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్నీ అలాగే తరలించారు. ఏ రాయి ఎక్కడిదో అంకెలు వేసి ఉండబట్టే విప్పిన గుడి మళ్లీ గుడి అయింది. పాత ఫాంటు పట్టిక ఆ అంకెల లాంటిది. అది పోతే మిగిలేది రాళ్ల కుప్పే.

పుస్తకాల విషయం కొంత మెరుగు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుతో జతకట్టి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు 2000ల మొదట్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నడిపాయి. గ్రంథాలయాల్లో చెదలకు చిక్కబోతున్న వేల తెలుగు పుస్తకాలు స్కానింగుకు వచ్చాయి. పేజీలను టిఫ్ బొమ్మలుగా దాచారు. భద్రపరచడానికి అది మంచి పద్ధతే గాని, ప్రధాన బ్రౌజర్లలో ఎక్కువ వాటికి టిఫ్ చూపడం రాదు. ఆల్టర్నాటిఫ్ వంటి ప్లగిన్ వేసుకుని, ఒక్కో పేజీనీ విడిగా తెరుచుకుంటూ చదవాలి. చందాలు కట్టి పుస్తకాలు తెప్పించుకునే స్తోమత లేని చిన్న ఊరి పరిశోధకుడికి అదే గొప్ప. బ్రౌజర్లు ప్లగిన్లను తోసేశాక ఆ సైటు చదవడం కష్టమైంది, ఆ తర్వాత సైటే పోయింది. కానీ ఈలోగా ఆ పుస్తకాల్లో అత్యధిక భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరింది. అక్కడ అవి పీడీఎఫ్‌లుగా, ఏ ప్లగినూ లేకుండా తెరుచుకుంటున్నాయి. ఎందుకు సాధ్యమైంది? టిఫ్ ఎలా ఉంటుందో లోకానికంతా తెలుసు. ప్లగిన్ చచ్చినా బొమ్మ బతికే ఉంది. ఫాంట్ల విషయంలో ప్లగిన్‌తోపాటు భాష కూడా మూగబోయింది. రెండు కథలకూ తేడా ఇక్కడే ఉంది: లోపలి అమరిక బహిరంగమైతే సరుకు దాటుతుంది, రహస్యమైతే మునుగుతుంది.

ప్లగిన్లను వెనకేసుకు రావడమంటే భద్రతను గాలికి వదలడమేనని ఒక వాదం ఉంది. ఫ్లాష్‌లో, జావా ప్లగిన్‌లో బయటపడిన లోపాలు లెక్కకు మించినవి. పేజీ చూసినంత మాత్రాన కంప్యూటరు పరాధీనమైన సందర్భాలున్నాయి. ఈ వాదనతో పేచీ లేదు. పాత ప్లగిన్‌ను మళ్లీ బ్రౌజరులో పెట్టమని ఎవరూ అడగనక్కర్లేదు కూడా. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఫ్లాష్ ఆటలను, బొమ్మలను తిరిగి ఆడించడం మొదలుపెట్టింది, అదీ ఫ్లాష్ లేకుండా. రఫుల్ అనే ఎమ్యులేటరు, 2019 డిసెంబరులో వెబ్ ప్రమాణమైన వెబ్‌అసెంబ్లీ మీద నడుస్తూ ఫ్లాష్ ఫైలును చదువుతుంది. ప్రమాదకరమైన పాత ప్రోగ్రాము అక్కర్లేదు, దాని ఫైళ్ల వ్యాకరణం తెలిస్తే చాలు. అడోబీ 2008లో ఆ వ్యాకరణాన్ని షరతులు సడలించి ప్రచురించడం ఇలాంటి పనులకు మేలు చేసింది. భద్రతా వాదం ప్లగిన్‌ను ఆపడానికి తగిన కారణం. దాని వివరాలను పారేయడానికి మాత్రం అది కారణం కాదు.

ప్రమాణాలు ఇప్పుడు అన్ని పనులూ చేయగలవు కాబట్టి ప్లగిన్ల యుగం ముగిసిందన్నది మరో వాదం. ముగిసిందని అనుకున్న చోట కూడా అది వేషం మార్చుకుని కొనసాగుతోంది. సమాచార సాంకేతిక చట్టం 2000 డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఒక కాంట్రాక్టరు కేంద్ర ప్రభుత్వ సంస్థ టెండరు ఆన్‌లైన్‌లో వేయాలంటే యూఎస్‌బీ టోకెన్‌లోని సంతకం పేజీకి అందాలి. ఆ పని చాలాకాలం జావా ఆప్లెట్లు చేశాయి. క్రోమ్ తలుపు మూసింది, 2018లో వచ్చిన జావా 11తో ఆ ప్లగినే కనుమరుగైంది. ప్రమాణంగా వచ్చిన వెబ్‌ఆథ్న్ లాగిన్ అయ్యేందుకు పనికొస్తుంది గాని, టోకెన్‌తో పత్రం మీద సంతకం చేసే పని దానిది కాదు. దాంతో సైనర్ పేరుతో ఒక ప్రోగ్రామును కంప్యూటరులో ఎక్కించుకోవడం, పేజీ దానితో మాట్లాడటం అన్న ఏర్పాటు వచ్చింది. పేరు మారింది, ఖాళీ అలాగే ఉంది. దక్షిణ కొరియా ఇదే దారిలో ఇంకా దూరం వెళ్లి చెయ్యి కాల్చుకుంది. 1990ల చివర అక్కడ బ్యాంకు లావాదేవీలకు సొంత గుప్తలిపి సీడ్‌ను, దాన్ని నడపడానికి యాక్టివ్‌ఎక్స్‌ను ఎంచుకున్నారు. ఏళ్ల తరబడి దేశమంతా ఒకే కంపెనీ బ్రౌజరుకు కట్టుబడవలసి వచ్చింది. ఆ వ్యవస్థకు ఆధారమైన ప్రత్యేక సర్టిఫికెట్ల హోదాను 2020 డిసెంబరులో గాని రద్దు చేయలేకపోయారు. అంటే ప్లగిన్ చరిత్ర తెలియని దేశం దాని ఖర్చును రెండోసారి కడుతుంది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. పత్రికలు కాగితం మీద అచ్చయ్యాయి కదా, పాత వెబ్ పేజీలు పోతే పోనీ, అసలు వాటిని వెతికేదెవరు? కాగితం గొప్పదే. కానీ ఈనాడు 1989లో మొదలుపెట్టిన జిల్లా అనుబంధాల వంటివాటిని ఏళ్ల తరబడి కట్టలుగా దాచిన గ్రంథాలయాలు ఎన్ని? దాచినా అందులో ఒక ఊరి పేరు వెతకాలంటే కట్టలన్నీ తిరగేయాలి. వెతికేదెవరన్న మాటకు ఈ గడ్డ మీదనే పాత జవాబుంది. తెలంగాణలో కవులే లేరన్న ఈసడింపుకు ప్రతిగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను చూపించారు. నేటి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడు ఆయన స్వగ్రామం, 1952లో శాసనసభకు గెలిచింది వనపర్తి నుంచి. కవులు అంతకుముందూ ఉన్నారు, ఒకచోట దొరకలేదంతే. దొరకకపోవడాన్ని లేకపోవడంగా లెక్కగట్టడం అప్పుడూ జరిగింది. ఇప్పుడు ఆ లెక్క సెర్చింజను కడుతోంది. అలంపురం శాసనాల కోసం గడియారం రామకృష్ణశర్మ, పాలమూరు దేవాలయాల కోసం నాగర్‌కర్నూల్‌లో కపిలవాయి లింగమూర్తి చేసిన సేకరణ అంతా దొరకనిదాన్ని దొరికేలా చేసే పనే. వాళ్లు రాళ్ల మీది లిపితో తలపడ్డారు. తర్వాతి తరం తలపడవలసింది ఇరవై ఏళ్ల నాటి ఫాంట్లతో.

అందుకే పాత ప్లగిన్లకు విలువ ఉందా లేదా అని మొత్తంగా తీర్పు చెప్పడం కుదరదు. పాట వినిపించిన ప్లగిన్ పని ప్రమాణంలో కలిసింది, దాన్ని మరచిపోయినా నష్టం లేదు. టిఫ్ చూపిన ప్లగిన్ పోయినా పుస్తకం మిగిలింది. తెలుగు ఫాంట్లను మోసిన ఏర్పాట్ల దగ్గర మాత్రం పని ఇంకా సగంలోనే ఉంది. నేటికీ డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కూర్చుతున్న పుస్తకాలు, కరపత్రాలు ఉన్నాయి కాబట్టి అది వెబ్‌తో ముగిసేదీ కాదు. చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. పత్రికలు, ఫాంటు కంపెనీలు తమ పాత గళ్ల పట్టికలను ప్రచురించాలి. పాలమూరు విశ్వవిద్యాలయానికి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలున్నాయి. ఆర్కైవులో మిగిలిన ఆనాటి జిల్లా వార్తలను యూనికోడ్‌లోకి తేవడం అక్కడి విద్యార్థులు చేయదగిన పని. ఆ పనితోపాటు ఒక ప్రశ్న అలవాటు కావాలి. రేపటి జిల్లా చరిత్ర నేడు మొబైల్ యాప్‌లలో, బయటికి తీయడానికి వీల్లేని గ్రూపుల్లో పోగవుతోంది. కొత్త సాధనం ఏది వచ్చినా అది ఎంత వేగంగా నడుస్తుందో అడిగేముందు, అది ఆగిపోయిన రోజున అందులోని రాతను చదివించే పట్టిక ఎవరి దగ్గర ఉంటుందో అడగాలి. కంపెనీ దగ్గరే ఉంటుందన్నది జవాబైతే, ఆ రాతకు మరో నకలు బహిరంగ రూపంలో ఈ రోజే తీసి పెట్టుకోవాలి.